చల్లగదిలో హోస్టాలు

హోస్టాకి చలి కావాలి. ఏడాదిలో కొన్ని నెలలు గడ్డకట్టే చలిలో ఒళ్ళెరగకుండా నిద్రపోతే తప్ప అది మళ్ళీ ఆకు వెయ్యదు. ఈ ఒక్క ముక్క తెలిసినవాళ్ళెవరూ ఖతార్‌లో హోస్టా నర్సరీ పెట్టరు. నాకు తెలుసు. తెలిసే పెట్టాను. ఎవరైనా కుదరదంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ రోజుల్లో దోహాలో నాతో కుదరదు అనని మనిషి లేడు.

పెళ్ళయి అక్కడికి వెళ్ళేనాటికి మొక్కల సంగతి నాకేమీ తెలియదు. హైదరాబాద్‌లో మూడో అంతస్తులో పెరిగినదాన్ని. మా ఇంట్లో మట్టి అంటే బాల్కనీలో పెయింటు డబ్బాలో తులసి కింద ఉన్నదే. మా ఆయన కాకినాడ మనిషి. మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కేవాడు. తిరిగొస్తే ఒంటి నిండా అమ్మోనియా వాసన. దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో మాది రెండు గదుల ఫ్లాటు. కింద ఒక దర్జీ కొట్టు, ఒక కెఫెటీరియా. పగలంతా నాకు తోడు ఫోనే. మొదట పొడుగాటి ఏరియల్ ఉన్న కార్డ్‌లెస్, తర్వాత ఇటుకలాంటి మొబైల్. వంట చేస్తున్నా అది చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉండాల్సిందే. ఆపరేషన్ చేసి తియ్యాలి దాన్ని నీ చేతిలోంచి అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

నేను కొన్నాళ్ళు పనిచేసిన ప్లే స్కూల్లో ఒక ఇంగ్లీషు టీచరమ్మ ఉండేది. దేశం వదిలి వెళ్ళిపోతూ నాకు మూడు హోస్టా కుండీలు ఇచ్చింది. అరచెయ్యంత ఆకులు, నీలం కలిసిన పచ్చ రంగు, అంచున సున్నం గీసినట్టు తెల్లటి గీత. బయట ఎండ మొహం మీద కొడుతుంటే ఆ ఆకు మాత్రం ముట్టుకుంటే చల్లగా ఉంది. అక్కడే పడిపోయాను నేను.

దాన్ని ఈ ఎడారిలో ఎలా బతికించాలో కూడా ఆవిడే చెప్పింది. ఎండలు ముదరగానే నీళ్ళు ఆపెయ్యాలి. ఆకులు ఎండిపోతాయి. అప్పుడు మట్టి దులిపి, వేర్లతో ఉన్న దుంపని తడి నాచులో చుట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పడుకోబెట్టాలి. ఎండలు తగ్గాక తీసి నాటాలి. అంటే లోకమంతా ఉడికిపోయే వేసవే దీనికి చలికాలం. మన చలికాలం దీనికి వసంతం. ఇంకొక్క మాట గట్టిగా చెప్పింది: అదే ఫ్రిజ్‌లో ఆపిల్ పండు మాత్రం పెట్టకు. పండే ఆపిల్ ఒక రకం గాలి వదులుతుంది, ఆ గాలికి నిద్రపోతున్న మొగ్గ లోపలే చచ్చిపోతుంది.

ఫ్రిజ్ చాలనన్ని దుంపలయ్యేసరికి అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్‌లో ఒక మలయాళీ వ్యాపారి చల్లగదిలో మూల సంపాదించాను. అతను అక్కడ క్యారెట్లూ క్యాబేజీలూ పెట్టేవాడు. నాటడానికి స్థలం మా బిల్డింగ్ ఓనరు ఇచ్చాడు. ముసలి అరబ్బు. అబూ హమూర్‌లోనే ఆయనకో పాత మేకల దొడ్డి ఉంది, చుట్టూ ఎత్తు గోడ. లైసెన్సు కూడా ఆయన పేరు మీదే. ఆయనకీ నాకూ మధ్య మాట మోసింది వాళ్ళింటి డ్రైవరు. రాయచోటి దగ్గర పల్లె అతనిది. సాయంత్రాలు వచ్చి కుండీలు మోయడంలో సాయం చేసేవాడు, నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"మా పక్క ఎవరన్నా పోతే ఐసుగడ్డల మింద పెడ్తారు మ్మా," అన్నాడు మొదటిసారి చల్లగది చూసి. "బతికిండే చెట్టును ఐసులో పెట్టేది ఈడనే చూస్తాండా."

దొడ్డి మీద రెండు పొరల ఆకుపచ్చ వల కట్టాం. ఒక మూల ఎయిర్ కూలర్, కింద తడిపిన ఇసుక. ఓ రెండు చలికాలాలు బాగానే నడిచింది. కాంపౌండ్లనే కంపెనీ కాలనీల్లో ఉండే యూరప్ ఆడవాళ్ళు కార్లేసుకుని వచ్చేవాళ్ళు. హోటళ్ళకి తోటలు వేసే కాంట్రాక్టర్లు ఫోన్ చేసేవాళ్ళు. నేను ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో ఆకుల మీద దుమ్ము తుడుస్తూ, రెండు పక్కలా అరుస్తూ ఉండేదాన్ని.

తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. ఎందుకో అర్థం కాక ఒకరోజు నేనే ఒక హోటల్‌కి వెళ్ళాను. లాబీలో, నా మొక్కలు ఉండాల్సిన చోట, హోస్టాలే ఉన్నాయి. అదే తెల్లంచు, అదే నీలం పచ్చ. ఒక ఆకు మీద నీటిబొట్టు కూడా ఉంది. ముట్టుకున్నాను. బొట్టు ఆకుకి అతుక్కుని ఉంది. ప్లాస్టిక్. వెనకే వచ్చిన డ్రైవరు కూడా వేలితో గీకి చూశాడు.

"ఇది మేలు మ్మా. నీళ్ళడగదు, ఐసడగదు."

అతన్ని అక్కడే తిట్టాను. సెక్యూరిటీ వాడు వచ్చి మమ్మల్ని బయటికి దారి చూపించేంత గట్టిగా.

తొంభైల చివర అది. చమురు ధర పడిపోయిందని అందరూ అదే మాట. కాంపౌండ్లు ఖాళీ అవుతున్నాయి. నా దగ్గర కొనే ఆడవాళ్ళు ఒక్కొక్కరే సామాను కట్టుకుని వెళ్ళిపోయారు. కొత్త దుంపలు పంపే హాలండ్ వాళ్ళు చిన్న ఆర్డర్లు ఇక తీసుకోమని ఫ్యాక్స్ పెట్టారు. అంటే చల్లగదిలో పడుకున్న నా పాత దుంపలే మిగిలాయి. అవి పోతే మళ్ళీ తెచ్చుకునే దారి లేదు.

ఒక్క హోటల్ మిగిలింది. దాని మధ్యలో పైకప్పు లేని పెద్ద వాకిలి ఉండేది. అక్కడి హెడ్ గార్డెనర్ శ్రీలంక మనిషి, ప్లాస్టిక్ అంటే అసహ్యం ఆయనకి. రమదాన్‌లోపు ఆకు నిండుగా ఉంటే మొత్తం తీసుకుంటానన్నాడు. అదే సమయానికి మా ఓనరు కొడుకు టైర్ల వ్యాపారం మొదలుపెట్టాడు. దొడ్డి గోడౌన్‌గా కావాలట. ముసలాయన మంచివాడే. హోటల్ ఆర్డరు నడుస్తుంటే ఇంకో ఏడాది కదపను, రమదాన్ నాటికి అక్కడ ఆకు కనపడకపోతే మాత్రం ఖలాస్ అని డ్రైవరుతో చెప్పి పంపాడు.

కాబట్టి లెక్క సులువు. దుంపలు లేవాలి. లేస్తే అన్నీ ఉంటాయి. లేవకపోతే ఏదీ ఉండదు.

ఆ వేసవంతా వారం వారం చల్లగదికి వెళ్ళేదాన్ని. బయట ఇనుప తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలేది, లోపల నోటి నుంచి పొగ వచ్చేది. స్వెట్టరు వేసుకుని దోహా ఎండలో టాక్సీ దిగే ఆడదాన్ని చూసి కూలీలు నవ్వేవాళ్ళు. నాచు విప్పి, ఒక్కో దుంప మీద మొగ్గని బొటనవేలితో నొక్కి చూసేదాన్ని. గోరులా గట్టిగా ఉంటే బతికినట్టు. మెత్తగా ఉంటే పోయినట్టు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. తిరిగి వస్తూ దారంతా అమ్మకి ఫోన్‌లో అదే చెప్పేదాన్ని. అమ్మకి నేను దుబాయ్‌లో కందగడ్డల వ్యాపారం చేస్తున్నానని ఒక నమ్మకం.

దుంపలు బయటికి తీసే వారంలోనే నాకు కామెర్లు వచ్చాయి.

మొదట జ్వరం అనుకున్నాం. తర్వాత అద్దంలో కళ్ళు పసుపు ముద్దల్లా కనిపించాయి. కాలేయం బాగా వాచిందని, మంచం దిగితే ఆసుపత్రిలో చేర్చేస్తానని డాక్టరు చెప్పాడు. మజ్జిగన్నం, గ్లూకోజు నీళ్ళు, అంతే. నూనె లేదు, ఉప్పు లేదు, కారం లేదు. కోపం మాత్రం ఉంది. అది ఇంకా ఎక్కువైంది.

మంచం మీద నుంచే నర్సరీ నడిపాను. డ్రైవరు పగలు ఖాళీ దొరికినప్పుడు, మా ఆయన డ్యూటీ దిగి, ఇద్దరూ కలిసి దుంపలు నాటారు. నేను ఫోన్‌లో అరుస్తూనే ఉన్నాను. మొగ్గ మట్టి పైకి కనపడాలి, పూడ్చెయ్యకు. ట్యాంకులో నీళ్ళు పట్టి, చల్లారాక పొయ్యి. పైపుతో డైరెక్టుగా పోస్తే ఎండకి కాగిన నీళ్ళు వేర్లని ఉడకబెడతాయి. ఫోన్ వేడెక్కి చెవి మండేది. బ్యాటరీ అయిపోతే గోడకి తగిలించి, తీగ ఎంతవరకు వస్తే అంతవరకు మంచం జరిపించుకున్నాను.

ఒక సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. గొంతులో ఏదో తేడా ఉంది.

"లేచాయి," అన్నాడు. "చుట్టలు చుట్టుకుని లేచాయి. పొగచుట్టల్లా ఉన్నాయి, అన్నీ నిలబడి ఉన్నాయి."

హోస్టా ఆకు అలాగే వస్తుంది. గట్టిగా చుట్టుకుని మట్టిని పొడుచుకుని పైకి వచ్చి, తర్వాత నిదానంగా విప్పుకుంటుంది. నేను చూడలేదు. ఆ ఏడాది నా మొక్కలు లేవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఫోన్‌లో విన్నాను.

వెంటనే హోటల్ గార్డెనర్‌కి ఫోన్ చేశాను. ఆయన సంతోషపడ్డాడు కానీ, పైవాళ్ళు తొందరపెడుతున్నారన్నాడు. రమదాన్‌కి ఓ పది రోజుల ముందే వాకిలి నింపాలట. లేకపోతే ప్లాస్టిక్ తెప్పిస్తామంటున్నారట. ఇస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపు ఆగలేదు. అప్పుడే విప్పుకోవడం మొదలుపెట్టిన ఆకు ఆ వేళకి అరచెయ్యంత ఎలా అవుతుంది? మా ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. నా కాళ్ళ మీద దుప్పటి సర్ది, లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

మెసయీద్ ఫ్యాక్టరీలో పనిచేసే తెలుగువాళ్ళ ఇళ్ళలో యూరియా, ఉప్పు డబ్బా పక్కనే ఉండేది. తెల్లగా, గుండ్రంగా, సగ్గుబియ్యంలా ఉంటుంది. కరివేపాకు ఎదగలేదా, గుప్పెడు యూరియా. మల్లె మొగ్గ వెయ్యలేదా, గుప్పెడు యూరియా. ఎవరింటికైనా పోతే బాల్కనీలో గోంగూర మోకాలెత్తు పెరిగి ఉండేది, ఆ ఇంటాయన కొడుకు ర్యాంకు చెప్పినట్టు దాని గురించి చెప్పేవాడు. వాళ్ళు తయారుచేసే వస్తువు అది. దాని మీద అంత నమ్మకం.

తర్వాత కొన్నాళ్ళు మా ఆయన రోజూ అంతా బాగుందనే చెప్పాడు. ఆకులు ఎంత వచ్చాయి అంటే పెరుగుతున్నాయి అనేవాడు. రంగు ఎలా ఉంది అంటే బస్సు వచ్చేసింది అని ఫోన్ పెట్టేసేవాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ ఒంట్లో ఓపిక లేక, వినాలనుకున్నదే విన్నాను.

ఒకరోజు పొద్దున డ్రైవరు ఫోన్ చేశాడు.

"మ్మా, నువ్వు అరుస్తావని సార్ చెప్పొద్దన్నాడు. నాకు మనసు ఒప్పలే. ఆకులు అప్పడాల మాదిరి అయిపాయ. ముట్టుకుంటే ఇరిగిపోతాండాయి."

నేను అరవలేదు. చెప్పులేసుకున్నాను. మెట్లు దిగుతుంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. కెఫెటీరియా ముందు టాక్సీ ఆపి అబూ హమూర్ అన్నాను. నా కళ్ళు అద్దంలో చూసి టాక్సీవాడు తన పక్క కిటికీ దించుకున్నాడు.

దొడ్డి తలుపు తియ్యగానే వాసన కొట్టింది. మా ఆయన చొక్కాల వాసన. వల కింద కుండీలన్నీ వరసగా ఉన్నాయి. మట్టి తడిగానే ఉంది, ఆకులు మాత్రం నీళ్ళు లేనట్టు వేలాడిపోయాయి. అంచులన్నీ గోధుమరంగు. కొన్ని చుట్టలు విప్పుకోకుండానే నల్లగా అయిపోయాయి. కుండీ అంచున ఒక చిన్న తెల్లటి గింజ కనిపించింది. వేలితో తీసి చూశాను. మా వంటింట్లో ఉప్పు పక్కన ఉండేదే.

డ్రైవరుకి చేతులు కట్టుకుని నిలబడటం తప్ప ఏం చెయ్యాలో తోచలేదు. కూర్చోమని ఒక పళ్ళపెట్టె బోర్లించి వేశాడు. మా ఆయనకి ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రమ్మన్నాను. ఎవరినో బతిమాలి కారు పట్టుకుని వచ్చాడు. లోపలికి వచ్చి, నన్ను చూసి, తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఏమేసినవ్?" అన్నాను.

"యూరియానే. కొంచెమే వేశాను. గోంగూరకి వేసినట్టే."

"గోంగూరకా? గివి గోంగూర లెక్క కనవడ్తున్నయా నీకు?"

అతను ఒక కుండీ ముందు వంగి, నల్లబడ్డ చుట్టని వేలితో ముట్టుకున్నాడు.

"అడగరాదా ఒక్క మాట? ఫోన్ నా చేతులనే ఉంది గద, రాత్రి పగలు. అడగరాదా?"

"నువ్వు మంచం దిగేసరికి ఇంతింత ఆకు చూపిద్దామనుకున్నా," అన్నాడు. చెయ్యి చాపి ఎంతో చూపించాడు కూడా. "రెండోసారి ఎందుకు వేశానో నాకే తెలీదు. మొదటిసారి వేసినప్పుడు ఆకు కొంచెం వాడింది. చాల్లేదేమో అనుకున్నా."

రెండుసార్లు. చేతిలో ఉన్న ఫోన్‌ని గోడకేసి కొట్టాను. మేకలు కట్టే ఇనుప కొక్కెం ఉండేది ఆ గోడకి, సరిగ్గా దానికే తగిలింది. ముక్కలు ఇసుకలో పడ్డాయి. డ్రైవరు వెళ్ళి బ్యాటరీ ఏరి జేబులో వేసుకున్నాడు, ఎందుకో.

నాకు వాంతి వచ్చింది. గోడ వైపు తిరిగి కూర్చున్నాను. తల తిప్పితే కళ్ళు తిరుగుతున్నాయి, కళ్ళు మూస్తే ఆకులు కనిపిస్తున్నాయి. ఆ యూరియాని నీళ్ళతో కడిగెయ్యాలి. కుండీ కుండీకీ బిందెలకొద్దీ పొయ్యాలి. దొడ్డిలో ట్యాంకు అడుగంటి ఉంది. నీళ్ళ ట్యాంకరు రెండు రోజులకి గానీ రాదు. అప్పటికి వేర్లు కూడా పోతాయి.

ఇంకొక్క దారి ఉంది. అది నాకు మొదటి నుంచీ తెలుసు. అందుకే ఆలోచించడం ఇష్టం లేదు. దుంపని మట్టిలోంచి తీసి, వేర్లు కడిగి, ఆకులన్నీ కోసేసి, మళ్ళీ నిద్రపుచ్చాలి. పోయిన ఆకులతో పాటు మిగిలిన పచ్చటి ఆకుని కూడా కొయ్యాలి. కోస్తే రమదాన్‌కి ఆకు ఉండదు. హోటల్ ఉండదు, ఈ దొడ్డి ఉండదు. కొయ్యకపోతే మొక్కే ఉండదు.

కత్తెర ఇమ్మని చెయ్యి చాపాను. మా ఆయనే తెచ్చి ఇచ్చాడు.

మొదటిది కొయ్యడానికే చాలాసేపు పట్టింది. దాని ఆకుల్లో ఒకటి అసలు చెడలేదు. నీలం పచ్చ, తెల్లంచు, ముట్టుకుంటే చల్లగా. దాన్ని కోసి ఒళ్ళో పెట్టుకున్నాను. తర్వాతవి చూడకుండా కోశాను. డ్రైవరు కుండీలు బోర్లించి దుంపలు లాగుతున్నాడు. మా ఆయన, ఫ్యాక్టరీ యూనిఫామ్‌లోనే, బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బు ముందు గొంతుక్కూర్చుని వేర్లు కడుగుతున్నాడు. ఒక్కో పోగు విడదీసి కడుగుతున్నాడు. నీళ్ళు మురికైతే వొంపేసి, ట్యాంకు వంచి మిగిలింది పట్టుకొచ్చేవాడు. నేను కోస్తూనే ఉన్నాను. తిట్టడానికి కూడా ఊపిరి కావాలి.

దుంపలన్నీ గోనె సంచుల్లో వేసుకుని ఓనరు పికప్‌లో మార్కెట్‌కి వెళ్ళాం. చల్లగది తలుపు తీయగానే నాకు అర్థమైంది. చలి కంటే ముందు తియ్యటి వాసన వచ్చింది. నేల నుంచి కప్పు దాకా ఆపిల్ పెట్టెలు. రమదాన్ సరుకు. నా మూల కూడా నిండిపోయింది. మలయాళీ పాపం చేతులు జోడించాడు. దుంపలు తీసుకెళ్ళిపోయారు కదా సిస్టర్, ఇంక అక్కర్లేదనుకున్నా అన్నాడు. నిజమే. పెట్టెలు ఒక మూలకి జరిపిస్తానన్నాడు. జరిపితే ఏం లాభం? గదంతా ఆ గాలే. వద్దన్నాను. తెలిసిన ఇంకో రెండు చల్లగదులు చూశాం. వాటిలోనూ ఆపిళ్ళే.

మిగిలినవి ఇంటి ఫ్రిజ్‌లు. మా బిల్డింగులోనూ పక్క వీధిలోనూ తెలుగువాళ్ళ ఇళ్ళు ఓ అరడజను ఉండేవి. వెనకటి ఏళ్ళలో వాళ్ళే నా దుంపలకి చోటిచ్చారు, వంకాయల పక్కన పెట్టుకుని జోకులేసుకుంటూ. నేను పికప్‌లోనే కూర్చున్నాను. మా ఆయన సంచి పట్టుకుని ఒక్కో ఇంటి మెట్లు ఎక్కి దిగాడు. సంచి బరువు తగ్గలేదు. కామెర్ల మనిషి చేతిలోంచి వచ్చిన మట్టి దుంపల్ని పిల్లల పాలు పెట్టుకునే ఫ్రిజ్‌లో ఎవరు పెట్టుకుంటారు? ఒకావిడ మాత్రం తలుపు సందులోంచి నాకోసం నేలఉసిరి పొడి ఇచ్చి పంపింది. పొద్దునే పరగడుపున వేసుకోమంది.

ఇల్లు చేరాక మా ఆయన నన్ను మంచం మీద పడుకోబెట్టి, ఫ్రిజ్ తలుపు తెరిచాడు. పాలు, పెరుగు, దోసెపిండి, అమ్మ పంపిన ఊరగాయలు, పథ్యానికి తెచ్చిన బార్లీ నీళ్ళు, అన్నీ తీసి గట్టు మీద పెట్టాడు. ఫ్రిజ్ మూలన ఒక ఆపిల్ కూడా దొరికింది. దాన్ని చేతిలోకి తీసుకుని, కిటికీ తెరిచి, వీధిలోకి విసిరేశాడు. తర్వాత అరలు ఒక్కొక్కటే లాగి గోడకి ఆనించాడు.

"ఎలా పెట్టాలో చెప్పు," అన్నాడు.

చెప్పాను. మొగ్గ పైకి. వేర్లు కిందికి. నాచు తడిగా, కారకుండా. గోడకి తగలనివ్వకు, మంచు పడుతుంది. ప్రతిదానికీ ఆగి నా వైపు చూసేవాడు. ఫ్రిజ్ నిండిపోయినా సంచుల్లో సగానికి పైగా మిగిలాయి. ఏవి లోపల, ఏవి బయట అన్నది నేను బొటనవేలితో తేల్చాను. ఒక్కోటి నా చేతికి ఇస్తాడు, నొక్కుతాను, తల ఊపుతాను లేదా ఊపను. గట్టివి కూడా కొన్ని బయటే ఉండిపోయాయి. చోటు లేదు. వాటిని మళ్ళీ దొడ్డికి తీసుకెళ్ళి నీడలో నాటాడు. వారం తిరక్కుండా కుళ్ళిపోయాయని తర్వాత డ్రైవరు చెప్పాడు.

ఆ తిరుగుడుకి నాకు కామెర్లు తిరగబెట్టాయి. ఈసారి ఆసుపత్రిలో చేర్చారు. ఫోన్ లేదు. గోడవైపు చూస్తూ పడుకునేదాన్ని. చెయ్యి ఖాళీగా ఉంటే ఎలా ఉంచుకోవాలో కూడా తెలిసేది కాదు, వేళ్ళు వాటంతట అవే ముడుచుకునేవి. మా ఆయన వచ్చినప్పుడల్లా మొక్కల మాట నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఫ్రిజ్‌లో చోటు లేకపోవడంతో అతనూ నా పథ్యమే తింటున్నాడని, రోజూ వేడన్నం, చారునీళ్ళు, అంతేనని ఇంటికి వచ్చాక తెలిసింది. బెల్టుకి కొత్త చిల్లు పడింది.

రమదాన్ నెలవంక కనబడిన మర్నాడు ఓనరు కొడుకు మనుషులు దొడ్డి తలుపు తీశారు. ముసలాయన డ్రైవరుతో ఖర్జూరాలూ, తనకి బాధగా ఉందన్న మాటా పంపాడు. డ్రైవరు ఆకుపచ్చ వలని నీటుగా మడిచి మా మెట్ల కింద పెట్టి వెళ్ళాడు. నేను ఒకసారి అటు వెళ్ళాను, కూలర్ తెచ్చుకుందామని. దొడ్డి నిండా టైర్లు. తడి ఇసుక మీద నల్లగా, ఒకదాని మీద ఒకటి. వల తీసేశారు కాబట్టి ఎండ నేరుగా పడుతోంది. రబ్బరు వాసన. కూలర్ ఎవరో పట్టుకుపోయారు.

హోటల్ గార్డెనర్‌కి బూత్ నుంచి ఫోన్ చేశాను. వాకిట్లో ప్లాస్టిక్ పెట్టేశారని చెప్పి, ఆయనే నాకు సారీ చెప్పాడు. నేను చెప్పాల్సిన సారీ కూడా ఆయనే చెప్పాడు.

ఈద్ అయ్యాక ఫ్రిజ్ తెరిచాం. మెత్తగా అయినవి చాలా ఉన్నాయి. నేను నొక్కుతుంటే వేలు లోపలికి దిగిపోయేది. అవి తీసేశాక మిగిలినవాటిని మెట్ల మలుపులో, పై అంతస్తు ఏసీ నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడే చోట కుండీల్లో పెట్టాం. అదొక్కటే చల్లటి నీడ ఆ బిల్డింగులో. చాలా రోజులు ఏమీ లేదు. తర్వాత ఒక దాంట్లోంచి ఒక చుట్ట లేచింది. అది నేను చూశాను. మరీ చిన్నది, అగ్గిపుల్లంత. విప్పుకున్నాక నా బొటనవేలంత ఆకు. తెల్లంచు ఉంది.

కెఫెటీరియా కుర్చీలు మోసుకుంటూ పైకి వచ్చిన మనిషి దాని ముందు ఆగి, వంగి చూసి, ప్లాస్టిక్‌దా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన అడ్డం వచ్చాడు.

"కాదు. నిజందే," అన్నాడు హిందీలో. "ముట్టుకోవద్దు."

ఆ చలికాలానికి అవే నా నర్సరీ. మెట్ల మీద వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకి తగలకుండా గోడకి జరిపిన కొన్ని కుండీలు. కొనేవాళ్ళు లేరు, అమ్మడానికి చాలేంత ఆకూ లేదు. ఎరువు వెయ్యనా అని అతను ఎప్పుడూ అడగలేదు. నీళ్ళు పొయ్యనా అని మాత్రం ప్రతిరోజూ అడిగేవాడు, చెంబు చేత్తో పట్టుకుని, నేను ఊ అనేదాకా నిలబడి.

మే నెల వచ్చింది. మెట్ల మలుపులో కూడా గాలి కాలడం మొదలుపెట్టింది. ఆకులు రాలిపోయాయి. ఒకరోజు మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెల చప్పుడు వినిపించి వెళ్ళి చూశాను. పాలూ పెరుగూ గట్టు మీద ఉన్నాయి. ఫ్రిజ్ అరలు ఒక్కొక్కటే తీసి గోడకి ఆనిస్తున్నాడు.